టర్బో కారుకు టార్క్ కన్వర్టర్: స్టాల్ నంబర్ కాదు, టార్క్ గ్రాఫ్ చూపించండి

ప్రశ్న: సార్, నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటాను, ఉద్యోగం గాజువాకలో. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2013 బీఎండబ్ల్యూ 328ఐ ఉంది. కంపెనీ టర్బో తీయించి కాస్త పెద్దది వేయించాను. డౌన్‌పైపు, ఇంటర్‌కూలర్, ఇంజిన్ కంప్యూటర్ రీమ్యాప్ కూడా అయ్యాయి. ఇంజిన్ బలం కొలిచిన డైనో గ్రాఫ్ పంపుతున్నాను: 2,300 ఆర్‌పీఎం దగ్గర 250 న్యూటన్ మీటర్లు, 2,800 దగ్గర 350, 3,300 నుంచి 450. పైన బాగా లాగుతోంది. కానీ మద్దిలపాలెం సిగ్నల్లో ఆగి కదిలితే 3,000 దాటేవరకు బండిలో ప్రాణం ఉండదు. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ముల్లు 2,300 దగ్గర ఆగిపోతోంది. 3,500 స్టాల్ కన్వర్టర్ వేయించమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అది వేస్తే గేర్‌బాక్స్ కాలిపోతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. రోజూ ఆఫీసుకు ఇదే కారు. సెలవు దొరికితే ఇంట్లోవాళ్లతో అరకు వెళ్తాం. నేను ఎంత స్టాల్ తీసుకోవాలి? టెన్షన్‌గా ఉంది, డబ్బు మళ్లీ మళ్లీ పెట్టలేను.

సమాధానం: డబ్బు మళ్లీ మళ్లీ పెట్టలేనన్న మీ మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పనిలో డబ్బు పోయేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణంతో. ఆటోమేటిక్ కారులో ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే ఈ టార్క్ కన్వర్టర్‌ని నంబర్ చెప్పి కొంటారు. 3,500 అన్నది చెప్పుల సైజులాగా ఆ వస్తువుకు ఉన్న కొలత అనుకుంటారు. అది నిజం కాదు. మీ ఇంజిన్‌తో, మీ వాడకంతో చూస్తే మీకు కావలసింది 2,800 నుంచి 3,000 మధ్య నిలబడే కన్వర్టర్, అందులో ఇంజిన్ వైపునీ గేర్‌బాక్స్ వైపునీ జారకుండా కలిపిపట్టే గట్టి లాకప్ క్లచ్. అసలు మార్చాలో వద్దో కూడా ఇంకా తేలలేదు. అది ఎలా తేల్చుకోవాలో కింద చెబుతాను. తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి.

ముందు స్టాల్ అంటే ఏమిటో సరిగ్గా చూద్దాం. కన్వర్టర్‌లో ఇంజిన్ తిప్పే పంపు ఒకవైపు, గేర్‌బాక్స్‌ని తిప్పే టర్బైన్ ఇంకోవైపు ఉంటాయి. మధ్యలో నూనె, ఆ నూనె దారి మళ్లించే స్టేటర్. టర్బైన్‌ని కదలనివ్వకుండా పట్టి ఉంచి ఇంజిన్‌ని పూర్తిగా రైజ్ చేస్తే, పంపు నూనెని తోస్తూ తోస్తూ ఒక వేగం దగ్గర ఇంజిన్ బలమంతా తినేస్తుంది. ఇంజిన్ అక్కడ ఆగిపోతుంది. ఆ వేగమే స్టాల్. అంటే స్టాల్ కన్వర్టర్ ఒక్కదానిది కాదు, కన్వర్టరూ ఇంజినూ కలిస్తే వచ్చేది. అదే కన్వర్టర్‌ని బలహీనమైన ఇంజిన్ వెనక పెడితే తక్కువ స్టాల్, బలమైన ఇంజిన్ వెనక పెడితే ఎక్కువ స్టాల్ వస్తుంది.

ఎంత ఎక్కువ? పంపు తినే టార్క్ దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి స్టాల్ వేగాన్ని ఆ వేగం దగ్గర ఇంజిన్ ఇచ్చే టార్క్ వర్గమూలంతో భాగిస్తే, ఒక కన్వర్టర్‌కు దాదాపు మారని అంకె ఒకటి వస్తుంది. దాన్ని కే ఫ్యాక్టర్ అంటారు. కన్వర్టర్‌కు నిజమైన గుర్తు అదే. మీ కారుదే చూడండి. 2,300 దగ్గర 250 న్యూటన్ మీటర్లు. 250కి వర్గమూలం సుమారు 15.8. భాగిస్తే 145 పైచిలుకు. మీ కంపెనీ కన్వర్టర్ అంకె ప్రస్తుతానికి అది అనుకుందాం.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పిన 3,500 తీసుకోండి. అది ఏ టార్క్ దగ్గర కొలిచిన 3,500? ఇది ఎవరూ అడగరు. 250 న్యూటన్ మీటర్లతో కొలిచిందైతే దాని కే అంకె 221. మీ ఇంజిన్ పూర్తి బూస్ట్‌లోకి, అంటే టర్బో తోసే గాలి పూర్తి ఒత్తిడికి వచ్చి 450 ఇచ్చినప్పుడు అదే కన్వర్టర్ దాదాపు 4,700 వరకు జారుతుంది. 328ఐ కంపెనీ టార్క్ అయిన 350తో కొలిచిందైతే మీ చేతిలో అది సుమారు 4,000. పెట్టె మీద నంబర్ ఒకటే, రోడ్డు మీద రెండు వేర్వేరు కార్లు. 4,700 స్టాల్ కారుతో రోజూ మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా వెళ్లి రావడమంటే, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం నిదానంగా కదులుతుంది, గేర్ ఆయిల్ మరుగుతూ ఉంటుంది. గేర్‌బాక్స్ కాలిపోతుందని మిమ్మల్ని భయపెట్టినవాళ్లు కారణం సరిగ్గా చెప్పలేకపోయి ఉండవచ్చు, కానీ భయం మాత్రం అబద్ధం కాదు.

టర్బో లేని ఇంజిన్‌కీ టర్బో ఇంజిన్‌కీ తేడా ఇక్కడే వస్తుంది. టర్బో లేని ఇంజిన్ టార్క్ ఏ వేగం దగ్గర ఎంతో ముందే తెలుసు, అది పెద్దగా మారదు. టర్బోకి మాత్రం తిరగడానికి ఎగ్జాస్ట్ గాలి కావాలి, గాలి రావాలంటే ఇంజిన్ మీద లోడ్ కావాలి, కాస్త వేగమూ కావాలి. కన్వర్టర్ మరీ టైటుగా, అంటే స్టాల్ మరీ తక్కువగా ఉంటే ఇంజిన్‌ని బూస్ట్ మొదలయ్యే వేగానికి చేరకుండానే పట్టేస్తుంది. సిగ్నల్ దగ్గర మీకు కనిపిస్తున్న నీరసం అదే. మరీ లూజుగా ఉంటే బూస్ట్ త్వరగానే వస్తుంది, కానీ వచ్చిన బలాన్ని చక్రాలకు పంపకుండా నూనెలో వేడిగా పారేస్తుంది. బూస్ట్ పెరిగిన కొద్దీ స్టాల్ కూడా దానంతటదే పెరుగుతుంది కాబట్టి, టర్బో కారుకు ఎప్పుడూ ఒక మెట్టు టైటు వైపే ఉండాలి. టర్బో లేని డ్రాగ్ కార్ల (కొద్ది దూరం నేరుగా పోటీపడే కార్ల) అనుభవంతో ఇచ్చిన సలహాలు టర్బో కార్లకు అతకకపోవడానికి కారణం ఇదే.

మీ గ్రాఫ్ చూస్తే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 2,300కీ 3,300కీ మధ్య మీ టార్క్ 200 న్యూటన్ మీటర్లు ఎగబాకుతోంది. అంటే అక్కడ మీ గీత చాలా నిటారుగా ఉంది. స్టాల్ 2,800 దగ్గర నిలబడాలంటే కే అంకె 150 చాలు. ఇప్పుడున్న దానికంటే మూడు శాతం మాత్రమే లూజు. 3,300 దగ్గర నిలబడాలంటే 156 దగ్గర, అంటే ఏడు శాతం. కన్వర్టర్‌లో వేలితో తోసినంత మార్పుకు స్టాల్ వెయ్యి ఆర్‌పీఎం జరుగుతోంది. బూస్ట్ అందుకునే చోట ఉన్న ఇంజిన్లన్నీ ఇలాగే ప్రవర్తిస్తాయి. అందుకే నంబర్ చూసి కొన్నవాళ్లకి అంత తరచుగా ఎక్కువైపోతుంది. మీకు పెద్ద మార్పు అక్కర్లేదు, చిన్న మార్పు చాలు.

అయితే ఈ లెక్కంతా మీరు చెప్పిన 2,300 మీద నిలబడి ఉంది. ఆ 2,300 నిజమో కాదో నాకు అనుమానం. ఇప్పటి కార్లలో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కితే కంప్యూటర్ ఇంజిన్ టార్క్‌ని కోసేస్తుంది. మీరు పెడల్ నేలకు తొక్కినా ఇంజిన్ 250 ఇచ్చిందని నమ్మకం లేదు. నిజానికి 200 మాత్రమే ఇచ్చి ఉంటే, కే అంకె 145 కాదు, 163 దగ్గర ఉంటుంది. అంటే మీ కంపెనీ కన్వర్టర్ నేను 3,300 కోసం చెప్పిన దానికంటే ఇప్పటికే లూజు! అప్పుడు మీ నీరసానికి కారణం కన్వర్టర్ కానే కాదు. అది మార్చి లక్షలు పోసినా మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర కథ అలాగే ఉంటుంది.

కాబట్టి మొదటి పని కొలత. లైవ్ డేటా రికార్డ్ చేసే ఓబీడీ స్కానర్ ఒకటి తీసుకోండి, లేదా మీ ట్యూనర్‌నే లాగ్ పెట్టమనండి. ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం, అంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ వేగం, బూస్ట్, ఇంజిన్ ఇస్తున్న టార్క్, లాకప్ స్థితి, గేర్ ఆయిల్ ఉష్ణోగ్రత. ఇవన్నీ ఒకే లాగ్‌లో ఉండాలి. గేట్లున్న ప్రైవేటు స్థలంలో, ముందు ఎవరూ లేకుండా, నడక వేగంలో కదులుతూ ఉండగా ఒక్కసారిగా పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వండి. టర్బైన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగా ఇంజిన్ ఏ వేగానికి ఎగిరి నిలబడుతుందో అదే మీకు పనికొచ్చే స్టాల్. ఆ క్షణంలో టార్క్ ఎంతుందో పక్కనే రాసి ఉంటుంది. బ్రేకు తొక్కి చేసే పరీక్ష ఇక మానేయండి. ఎందుకో వేడి గురించి చెప్పేటప్పుడు మీకే తెలుస్తుంది. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది కదా అనుకోకండి. నడకకు వచ్చే పెద్దవాళ్లు, పిల్లలు ఉంటారక్కడ. రుషికొండ, భీమిలి వైపు కూడా వద్దు.

లాగ్‌లో ఇంకోటి కూడా కనిపిస్తుంది. డైనో మీద గీసిన గీత, టర్బోకి తిరగడానికి సమయమిచ్చి గీసింది. సిగ్నల్లో ఆ సమయం ఉండదు. 2,800 దగ్గర డైనో 350 చూపించినా, కదిలే మొదటి క్షణంలో మీకు అందేది 220 కూడా కావచ్చు. ఆ తేడా మరీ ఎక్కువగా ఉంటే కన్వర్టర్ వైపు కాదు, టర్బో వైపు చూడాలి. ఇంటేక్ పైపులకు పొగ పెట్టి లీక్ పరీక్ష చేయించండి. ఇంటర్‌కూలర్ మార్చిన కార్లలో ఏదో ఒక క్లాంపు దగ్గర సన్నగా గాలి పోతూ ఉండటం చాలా మామూలు. ఎగ్జాస్ట్ గాలిని టర్బోకి తగలకుండా పక్కకు వదిలే వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూపించండి. అది వెంట్రుకవాసి తెరిచి ఉన్నా టర్బో ఆలస్యంగా లేస్తుంది. ఈ రెండూ గాజువాక ఆటోనగర్‌లో ఒక పూటలో అయ్యే పనులు, కన్వర్టర్ ఖర్చు ముందు వీటి ఖర్చు లెక్కలోకే రాదు. ఇవి చేయించకుండా కన్వర్టర్ ఆర్డర్ చేయడానికి నేను ఒప్పుకోను.

ఇవన్నీ బాగున్నాయి, లాగ్‌లో నిజంగానే కన్వర్టర్ ఇంజిన్‌ని 2,300 దగ్గర పట్టేస్తోంది అనుకుందాం. అప్పుడు 2,800 నుంచి 3,000 అని ఎందుకన్నాను?

మీ గేర్‌బాక్స్ వల్ల. మీ కారులో ఉన్నది జడ్ఎఫ్ సంస్థ చేసిన ఎనిమిది గేర్ల పెట్టె. దాని మొదటి గేరు నిష్పత్తి 4.71, రెండోది 3.14. ఎక్కువ స్టాల్ అన్న ఆలోచన పుట్టిపెరిగిన అమెరికా డ్రాగ్ కార్లలో వాడే జీఎం టర్బో 400 పెట్టెకు ఉన్నవి మూడే గేర్లు, మొదటిది 2.48. మీ రెండో గేరే వాళ్ల మొదటి గేరు కంటే బలంగా లాగుతుంది. వాళ్లకి గేర్లో లేని సాయం కన్వర్టర్ నుంచి కావాలి. గేరు మార్చినప్పుడల్లా ఇంజిన్ వేగం బాగా పడిపోతుంది కాబట్టి, కిందకి జారకుండా పట్టుకోవడానికి కూడా లూజు కన్వర్టర్ కావాలి. మీకు ఎనిమిది గేర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకసారి కదిలాక ఇంజిన్ బూస్ట్ కిందికి మళ్లీ పడదు. మీ ఇబ్బంది కదిలే మొదటి కొన్ని మీటర్లలోనే. ఆ కొన్ని మీటర్ల కోసం మిగతా ప్రయాణమంతా నూనె మరిగించుకోనక్కర్లేదు.

ఇక వేడి. ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది ఇదే. విశాఖలో నడిపే కారుకైతే మరీను. బ్రేకు తొక్కి స్టాల్ చేసినప్పుడు ఇంజిన్ బలం ఎక్కడికీ పోదు, మొత్తం నూనెలో వేడిగా మారుతుంది. 2,300 దగ్గర 250 న్యూటన్ మీటర్లు అంటే 60 కిలోవాట్లు. అరవై ఇస్త్రీ పెట్టెల వేడి, కన్వర్టర్‌లో ఉండే కొద్ది లీటర్ల నూనెలోకి. సెకనుకు పది డిగ్రీల చొప్పున పెరిగినా ఆశ్చర్యం లేదు. పది సెకన్లు పట్టి ఉంచితే ఆ నూనె పని అయిపోతుంది, సీళ్లు గట్టిపడతాయి.

రోడ్డు మీద అంత ఉండదు, కానీ ఎక్కువసేపు ఉంటుంది. లాకప్ వేయకుండా 30 కిలోవాట్లతో ఘాట్ ఎక్కుతూ కన్వర్టర్ 15 శాతం జారుతుంటే నాలుగున్నర కిలోవాట్లు ఆగకుండా నూనెలోకి వెళ్తాయి. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కే ఘాట్ గుర్తు తెచ్చుకోండి. ముందు టూరిస్టు బస్సు, హెయిర్‌పిన్ మలుపులు, ఇరవై ముప్ఫై కిలోమీటర్ల వేగం, కారునిండా మనుషులు, ఏసీ పూర్తిగా. 900 మీటర్లకు పైగా ఎక్కాలి. లూజు కన్వర్టర్‌కు ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. డ్రాగ్ స్ట్రిప్ మీద పదిహేను సెకన్లలో అయిపోతుంది, ఇక్కడ గంటసేపు. మీరు వెళ్లేది ఇంట్లోవాళ్లతో. ఆ మలుపుల్లో గేర్‌బాక్స్ వేడెక్కి బండి ఆగిపోతే, వెనక వచ్చే బస్సుకు దారి ఇవ్వడానికి కూడా చోటు ఉండదు. ఈ ఒక్క కారణం చాలు 3,500 వద్దనడానికి.

మామూలుగా నడిచేటప్పుడు గేర్ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 110 దాటితే కాలు తగ్గించండి. 120 దగ్గరికి వస్తే పక్కకు తీసి ఆపండి, ఇంజిన్ ఆపకుండా న్యూట్రల్‌లో ఉంచి నూనె తిరగనివ్వండి. చల్లబడే దాకా పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంచడమే మంచిది, డ్రైవ్‌లో బ్రేకు తొక్కి నిలబెట్టడం వద్దు. అలా నిలబెడితే కన్వర్టర్ జారుతూనే ఉంటుంది.

అందుకే కన్వర్టర్ కంటే ముందు కూలర్ వేయించండి. మీ కారులో గేర్ ఆయిల్ ఇంజిన్ కూలెంట్‌తో చల్లబడుతుంది. అది కంపెనీ టార్క్‌కు సరిపడా. దానికి అదనంగా గాలితో చల్లబడే ప్లేట్ రకం కూలర్, థర్మోస్టాట్‌తో కలిపి. నూనె మరీ చల్లగా ఉన్నా గేర్లు సరిగ్గా పడవు కాబట్టి థర్మోస్టాట్ వదిలేయకండి. కూలర్ రేడియేటర్ ముందు ఎక్కడ గాలి బాగా తగులుతుందో అక్కడ పెట్టించండి, ఇంటర్‌కూలర్ వేడి గాలి దానికి తగలకుండా చూడండి. మన ఊళ్లో సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిబారి పోతాయి. పూత ఉన్న కూలర్ తీసుకోండి, కారు కడిగినప్పుడల్లా ముందు గ్రిల్ లోంచి మంచినీళ్లు మెల్లగా పోయండి. ప్రెషర్ గన్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. ఉష్ణోగ్రత సెన్సర్ కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే నూనె లైన్లో ఉంటే నిజం తెలుస్తుంది. గేర్‌బాక్స్ అడుగున నూనె ఉండే పాన్‌లో ఉన్నది కాస్త ఆలస్యంగా చెబుతుంది.

లాకప్ క్లచ్ సంగతి. మీ గేర్‌బాక్స్ లాకప్‌ని చాలా త్వరగా వేస్తుంది, తక్కువ గేర్లలోనే. లాకప్ పడ్డాక పంపూ టర్బైనూ ఒక్కటిగా తిరుగుతాయి, జారడం ఉండదు, స్టాల్ ఎంతన్నదానితో సంబంధం ఉండదు. అందుకే ఆనందపురం దాటాక హైవే మీద 2,900 స్టాల్ ఉన్న కారు కంపెనీ కారులాగే మైలేజీ ఇవ్వగలదు. అయితే ఆ క్లచ్‌ని కంపెనీ చేసింది 350 న్యూటన్ మీటర్ల ఇంజిన్ కోసం. మీరు 450 పెడితే అది మోయగలగాలి. మీ పెట్టె కూడా సుమారు 450 న్యూటన్ మీటర్ల తరగతిదే కాబట్టి ఇంతకంటే బూస్ట్ పెంచే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. లాకప్ జారుతోందని ఎలా తెలుస్తుంది? నాలుగో ఐదో గేర్లో నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం వందా రెండొందలు ఎగిరితే, లేదా 60-80 కిలోమీటర్ల వేగం మధ్య బండి సన్నగా వణికితే, క్లచ్ లైనింగ్ అరుగుతోందని అర్థం. అరిగిన పొడి నూనెలో కలిసి, గేర్లు మార్చే నూనెని నడిపించే వాల్వు బాడీలోకి వెళ్తుంది, అక్కడ అసలు ఖర్చు మొదలవుతుంది. నన్నడిగితే, కొత్త కన్వర్టర్‌లో మీరు పెట్టే డబ్బులో సగం విలువ ఆ గట్టి లాకప్‌దే. స్టాల్ తర్వాతి మాట. బడ్జెట్ తక్కువైతే కంపెనీ స్టాల్‌తోనే గట్టి లాకప్ వేయించుకోండి, పైన చెప్పిన లీకులు సరిచేయించుకోండి. చాలామందికి అంతే చాలు.

ఇంకో మాట. కన్వర్టర్ కదిలే క్షణంలో టార్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఆ పని చేసేది స్టేటర్. ఈ రెట్టింపు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనుకుంటారు. మీ కారుకి వెనక చక్రాలే లాగుతాయి, మొదటి గేరే 4.71. రెట్టింపు ఇంకా పెంచితే టైర్లు తిరగడం తప్ప వచ్చేదేమీ లేదు. రెండుకు కాస్త తక్కువ ఉండే స్టేటర్ అడగండి, అలాంటివి మామూలుగా పైన వేగంలో తక్కువ జారుతాయి. లాకప్ లేకుండా 6,000 దగ్గర పూర్తి థ్రాటిల్‌లో జారుడు ఐదారు శాతానికి మించకూడదు. పని అయ్యాక మళ్లీ లాగ్ తీసి ఇది చూసుకోండి.

ఈ యంత్రం 1905లో జర్మనీలో హెర్మన్ ఫెటింగర్ పేటెంట్ చేసింది కార్ల కోసం కాదు, ఓడల కోసం. వేగంగా తిరిగే టర్బైన్‌ని నెమ్మదిగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌కు కలపడానికి. షిప్‌యార్డ్ ఉన్న ఊరివాళ్లకి ఇది చెప్పాలనిపించింది. అక్కడ కూడా సమస్య ఇదే, ఇంజిన్ వేగం ఒకటి, చక్రానికి కావలసిన వేగం ఇంకొకటి. రెండువైపులా తెలియకుండా మధ్యలోది చేయలేరు.

అందుకే కన్వర్టర్ చేసేవారి దగ్గరికి వెళ్లినప్పుడు 2,900 అని కూడా అనకండి. డైనో గ్రాఫ్, లాగ్ ఫైల్ ఇవ్వండి. కారు బరువు మనుషులతో కలిపి ఎంతుంటుందో చెప్పండి. 1,500 కిలోల కారు, నలుగురూ సామానూ కలిపితే 1,800 దగ్గరికి వస్తుంది. టైర్ సైజు, డిఫరెన్షియల్ నిష్పత్తి, టర్బో వివరాలు, కూలర్ ఉందా లేదా, రోజూ ట్రాఫిక్‌లో ఎంతసేపు, ఘాట్ రోడ్డు ఎంత తరచుగా. ఇవి అడిగి, మీ గ్రాఫ్ మీద వేలు పెట్టి ఎక్కడ నిలబెడతారో చూపించే మనిషికి డబ్బివ్వండి. ఏ టార్క్ దగ్గర ఆ స్టాల్ వస్తుందో బిల్లు మీద రాసివ్వమనండి. ఎంత స్టాల్ కావాలి అని మాత్రమే అడిగేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి, ఎంత పేరున్నవారైనా సరే. మన దగ్గర చాలావరకు పాత కన్వర్టర్‌నే కోసి, లోపల రెక్కల కోణమో స్టేటరో మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి ఇస్తారు. అది తప్పేమీ కాదు, పని శుభ్రంగా ఉంటే మీకు కావలసిన మూడు శాతం మార్పుకి అదే సరైన దారి. కానీ బ్యాలెన్స్ చేశారా, ప్రెషర్ పెట్టి లీక్ చూశారా, రెక్కలు పంపు షెల్‌కు బ్రేజింగ్ చేశారా, లోపల బేరింగులు కొత్తవా అని అడగండి. వాషర్ల బదులు నీడిల్ బేరింగులు ఉంటే మేలు.

బిగించేటప్పుడు జరిగే నష్టం ఒకటి ఉంది, అది చూస్తుండగానే గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంపుని పగలగొడుతుంది. కన్వర్టర్‌ని పెట్టెలోకి తోసి తిప్పుతుంటే అది మెట్లు మెట్లుగా లోపలికి కూర్చుంటుంది. పూర్తిగా కూర్చోకుండానే గేర్‌బాక్స్ ముందు భాగమైన బెల్‌హౌసింగ్‌ని ఇంజిన్‌కి ఆనించి బోల్టులతో లాగితే పంపు విరుగుతుంది. బెల్‌హౌసింగ్ చేత్తో నెడితే ఇంజిన్‌కు అతుక్కోవాలి. అతుక్కున్నాక కూడా కన్వర్టర్‌కీ, ఇంజిన్ వెనక దాన్ని బిగించే ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ కొలిచి చూపించమని మెకానిక్‌ని అడగండి, కోపం తెచ్చుకోరు. లోపలికి వెళ్లేముందు కన్వర్టర్‌లో కాస్త నూనె పోయాలి, పొడిగా స్టార్ట్ చేయకూడదు. పాత కూలర్ లైన్లు కడిగించండి. పాన్‌లోనే ఫిల్టర్ ఉంటుంది, పాన్ కూడా మార్చేయండి. నూనె మట్టం చూసేది ఇంజిన్ నడుస్తుండగా, నూనె 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. వేడెక్కాక చూస్తే మట్టం తప్పు చెబుతుంది. గేర్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. తయారుచేసిన జడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. మీ టార్క్‌తో, మన ఎండలతో 40,000కే మార్చండి.

బిగించిన తర్వాత గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని మర్చిపోకండి. కన్వర్టర్ ఎంత జారుతుందో లెక్కగట్టి లాకప్ ఎప్పుడు, ఎంత ఒత్తిడితో వేయాలో అదే నిర్ణయిస్తుంది. ఆ లెక్క పాత కన్వర్టర్‌ది. మార్చకపోతే లాకప్ గట్టిగా తన్నుతుంది, లేదా జారుతూ కూర్చుంటుంది. రీమ్యాప్ చేసినవారు గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా చేస్తారో లేదో ఇప్పుడే అడగండి. చేయరంటే కన్వర్టర్ జోలికి వెళ్లకండి. సిటీలో లాకప్‌ని కాస్త ఆలస్యంగా, ఘాట్‌లో త్వరగా వేసేలా రెండు మోడ్‌లు పెట్టించుకోవచ్చు. అరకు వెళ్లేటప్పుడు గేరు మీరే ఎంచుకుని మూడులోనో నాలుగులోనో ఉంచితే లాకప్ నిలబడుతుంది, నూనె చల్లగా ఉంటుంది.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం జరిగిన రోజు అదే ముందుకొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. మీ టర్బో, రీమ్యాప్ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పారా? చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం వాళ్లకు ఇచ్చినట్టే. కన్వర్టర్ ఆర్డర్ చేసేముందు, చేసిన మార్పులన్నీ రాసి ఈమెయిల్ పెట్టండి, వాళ్ల జవాబు దాచుకోండి. ఆర్‌టీఓ ఆఫీసులో కూడా మీ ఆర్‌సీ చూపించి, ఈ మార్పుల్లో వేటికి అనుమతి కావాలో అడిగి తెలుసుకోండి.

ఈ ఆదివారం మొదలుపెడితే వరస ఇలా ఉంటుంది. లీక్ పరీక్ష, వేస్ట్‌గేట్, ఆ తర్వాత లాగ్. లాగ్ ఫైల్ నాకు పంపండి. టర్బైన్ వేగం గీత, ఇంజిన్ వేగం గీత రెండూ కనిపించేలా మొదటి మూడు సెకన్లు చాలు. అందులో ఇంజిన్ 2,300 దగ్గర 250 న్యూటన్ మీటర్లతో నిజంగా ఇరుక్కుపోతోందంటే కూలర్‌కు ఆర్డర్ పెట్టండి, కన్వర్టర్ చేసేవారికి ఏం రాసివ్వాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.